సింకులో అంట్లు, మెషీన్‌లో బట్టలు... రోజువారీ పనులు మీరెలా నెట్టుకొస్తున్నారు?

సన్నజాజి31 | ఆదివారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఇక్కడ చదవడమే తప్ప ఒక్క ముక్క రాసింది లేదు. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నా.

కూకట్‌పల్లిలో ఒక్కదాన్నే ఉంటాను. ఇంటి నుంచే ఉద్యోగం. డిప్రెషన్, యాంగ్జయిటీ రెండూ ఉన్నాయని ఐదు వారాల క్రితం డాక్టరుగారు చెప్పారు. ఎస్సిటాలోప్రామ్ మొదటి వారం 5 మిల్లీగ్రాములు, తర్వాత నుంచి 10. థైరాయిడ్, బీ12, డీ విటమిన్ పరీక్షలు కూడా చేయించారు. డీ తక్కువుంది, మిగతావి బాగానే ఉన్నాయి.

నేను అడగాలనుకుంటున్నది మందుల గురించి కాదు, అంట్ల గురించి. గురువారం పప్పు వండిన కుక్కర్ ఇంకా సింకులోనే ఉంది. నీళ్ళు పోసి నానబెట్టాను, ఆ నీళ్ళ మీద తెల్లగా తెట్టు కట్టింది. వంటింట్లోకి వెళ్తే అది కనిపిస్తుందని మంచినీళ్ళ బాటిళ్ళు పడగ్గదిలోకి తెచ్చి పెట్టుకున్నాను. శుక్రవారం బట్టలు మెషీన్‌లో వేశాను. తియ్యలేదు. ముక్కిపోయిన వాసన వస్తే మళ్ళీ తిప్పాను. మళ్ళీ తియ్యలేదు. ఇవాళ మూడోసారి. ఇప్పుడు కూడా అందులోనే ఉన్నాయి.

ఆఫీసు పని మాత్రం చేస్తున్నాను, అక్కడ అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి. అందుకే ఎవరికి చెప్పినా నమ్మరు. రోజంతా కంప్యూటర్ ముందు పనిచేసే మనిషి ఒక్క కంచం కడగలేకపోవడమేంటి అంటారు. నాకూ అదే అనిపిస్తుంది.

అమ్మ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. "తిన్నావా?" "తిన్నా." "ఏం కూర?" ఇక్కడే దొరికిపోతాను. నిన్న బెండకాయ వేపుడు అన్నాను. మొన్న కూడా బెండకాయే చెప్పానట.

ఇలాంటి రోజుల్లో మీరు తినడం, స్నానం, ఇల్లు, బిల్లులు ఎలా నెట్టుకొస్తున్నారు? యోగా చెయ్యి, పాజిటివ్‌గా ఆలోచించు అని మాత్రం చెప్పకండి, దండం పెడతాను.

ఒంటరి వంటగాడు | సోమవారం, తెల్లవారుజాము 1:15

ఆ బెండకాయ అబద్ధం నేనూ ఆడానండీ. నాది దొండకాయ.

చెన్నైలో ఉంటాను, మందులు మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది. అంట్ల సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు. నేను చేసింది చెప్తా. ఇంట్లో ఉన్న కంచాలు, గిన్నెలు, గ్లాసులు అన్నీ అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి అటక ఎక్కించాను. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా, రైస్ కుక్కర్, ఒక చిన్న గిన్నె. అంతే. ఎంత ఒళ్ళు లేవకపోయినా సింకులో ఐదు వస్తువుల కంటే పేరుకోవు. అది కూడా కుదరని రోజుకి విస్తరాకుల కట్ట ఉంది. పూజా సామాన్ల కొట్లో దొరుకుతుంది. తిని చుట్టి పారెయ్యడమే.

తిండికి నావి మూడు మెట్లు. బాగున్న రోజు కూర. మధ్యరకం రోజు అన్నం, కందిపొడి, నెయ్యి. అన్నం ఉడుకుతున్నప్పుడు పైన జల్లెడ గిన్నెలో రెండు గుడ్లు పెడితే అవీ ఉడికిపోతాయి, వేరే గిన్నె ఉండదు. అసలేం చెయ్యలేని రోజు అరటిపండు, పెరుగు. ఈ మూడో రకం సరుకు ఇంట్లో ఎప్పుడూ ఉండేలా చూస్తాను. ఆకలేసినప్పుడు ఏం తినాలో ఆలోచించడమే నాకు పెద్ద పని, వండటం కాదు.

మీ హైదరాబాద్‌లో సందుకో కర్రీ పాయింట్ ఉంటుంది కదా. పప్పు ప్యాకెట్ ఒకటి తెచ్చుకోండి. ఇక్కడ అది లేకే నా బాధ.

రిటైర్డ్ మాస్టారు | సోమవారం, ఉదయం 6:20

అమ్మాయీ, పెద్దవాడిని చెప్తున్నాను, ఏమీ అనుకోకు. మా రోజుల్లో ఈ పేర్లు లేవు. పొద్దున నాలుగింటికి లేస్తే రాత్రి దాకా పనే. దిగులు పడే తీరికే ఉండేది కాదు. లేచి చీపురు పట్టుకుంటే ఆ జడత్వం దానంతటదే పోతుంది. పడుకున్నకొద్దీ పెరుగుతుంది. మందులు అలవాటు చేసుకోకు.

ఓరుగల్లు పోరడు | సోమవారం, ఉదయం 7:05

మాస్టారూ, మీ రోజుల్లో కూడా ఉన్నాయి. పేర్లే వేరు. మా తాతకు "గాలి సోకింది" అన్నారు. ఆరు నెలలు అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడట. తాయత్తు కట్టించారు. నాకు మొదలైనప్పుడు మా బాపు కూడా "ఎర్రగడ్డకు పోతవారా?" అని నవ్విండు. తర్వాత నిజంగా అక్కడి ప్రభుత్వ ఆస్పత్రికే పోయిన. ఓపీలో నా పక్కన కూర్చున్నోళ్ళు బ్యాంకు ఉద్యోగులు, డిగ్రీ పిల్లలు, ఒక పూలమ్మే అవ్వ. సినిమాల్లో చూపించే జోకు ఒక్కటి కూడా కనపడలేదు.

అక్కా, నువ్వు మందు ఆపకు.

స్టాఫ్‌నర్సు | సోమవారం, ఉదయం 9:30

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మాస్టారిగారి మాటలో సగం నిజం ఉంది. కోప్పడకండి, పూర్తిగా వినండి. మనసు బాగైతే పని చేద్దాం అని కూర్చుంటే అది బాగవదు. ముందు ఒంటిని కాస్త కదిలిస్తే మనసు వెనక నుంచి వస్తుంది. థెరపీలో కూడా ఇదే చేయిస్తారు. డిప్రెషన్‌కి బాగా పనిచేసే పద్ధతుల్లో ఇదొకటి. తేడా అంతా పని సైజులో ఉంది. మాస్టారు చీపురు పట్టుకోమన్నారు. మేము పేషెంట్లకి చీపురున్న చోటికి వెళ్ళి నిలబడమంటాం. ఆ రోజుకి అంతే. సన్నజాజిగారూ, మీ పని అంట్లు తోమడం కాదు. ఒక చెంచా కడగడం. కడిగాక ఆపెయ్యొచ్చు, నిజంగానే ఆపెయ్యొచ్చు. నాలుగు చెంచాలు అయితే అయ్యాయి, లేకపోతే లేదు.

మిగతా సగం మాత్రం తప్పు. ఈ రకం మందులు నిద్రమాత్రల్లాగా మత్తుకి అలవాటు చేసేవి కావు. కానీ నాలుగు రోజులు బాగుందని సొంతంగా టక్కున ఆపకూడదు. తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, చిరాకు వస్తాయి. ఆపాలంటే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. మొదటి రెండు వారాలు వికారం, నిద్ర తేడా ఉంటాయి, గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది వికారం వచ్చిన వారంలోనే మానేస్తారు, అదే బాధ.

అలవాటు పడే ప్రమాదం ఉన్నది క్లోనజెపామ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రలతో. గుండె దడగా ఉందని పక్కింటివాళ్ళ చీటీ మీద తెచ్చుకుని సగం సగం మింగేవాళ్ళని వారానికి ఇద్దరినైనా చూస్తాను. ఆ పని మాత్రం చెయ్యకండి.

బెజవాడ కోడలు | సోమవారం, మధ్యాహ్నం 2:50

మీ అందరివీ చదువుతుంటే కుళ్ళుగా ఉంది. అంట్లు మూడు రోజులు వదిలేసే స్వేచ్ఛ కూడా ఒక స్వేచ్ఛే అని నాకు ఈ రోజే తెలిసింది. నవ్వుకోండి, పర్వాలేదు.

మా ఇంట్లో ఏడుగురం. నేను లేవకపోతే కాఫీ లేదు. అందుకని అన్నీ చేస్తాను. ఇడ్లీ, కారేజీలు, పిల్లాడి హోంవర్కు, మావయ్యగారి షుగర్ మాత్రలు అన్నీ. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడదు. బాత్రూములో గడియ పెట్టుకుని, నీళ్ళ చప్పుడు వినపడేలా కుళాయి తిప్పి, ఊరికే గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. బయటికి వస్తే ఒంటి మీద చుక్క నీళ్ళుండవు. ఒకసారి పన్నెండు రోజులు జడ విప్పలేదు. విప్పేసరికి వెనకాల జుట్టంతా పీచులా ముద్దకట్టింది. కొబ్బరినూనె పోసి ఆడపడుచు గంటన్నర కూర్చుని చిక్కు తీసింది. ఏమీ అడగలేదు. ఆ తర్వాత తనకి ఒక్కదానికే చెప్పాను.

రెండో కాన్పు తర్వాత మొదలైంది ఇది. దిష్టి అన్నారు. మిరపకాయలు తిప్పారు. పాల మీద ధ్యాస పెట్టు అన్నారు. నా మాత్రలు ఇప్పటికీ మెంతుల డబ్బాలో ఉంటాయి. మా ఇంట్లో మెంతులు నేను తప్ప ఎవరూ ముట్టరు.

నాకు పనికొచ్చింది ఏంటంటే పీట. బాత్రూములో ప్లాస్టిక్ పీట వేసుకుని కూర్చుని పోసుకోవడం. నిలబడటమే భారం అని నాకు చాలా రోజులు తెలియలేదు. జుట్టు భుజాల దాకా కత్తిరించేశాను. అత్తగారు వారం మాట్లాడలేదు. పోనీ, ఆ వారం ప్రశాంతంగా ఉంది. తలస్నానం కుదరని రోజు మొహం, మెడ, చంకలు, పాదాలు తడి గుడ్డతో తుడుచుకుని ఉతికిన నైటీ వేసుకుంటే స్నానం చేసినంత కాకపోయినా సగం.

ఫోన్ ఎత్తనివాడు | సోమవారం, రాత్రి 8:10

పేరులోనే ఉంది నా కథ. డిప్రెషన్ కంటే యాంగ్జయిటీ ఎక్కువ నాకు. ఫోన్ మోగితే గుండె గొంతులోకి వస్తుంది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి కింద నుంచి మూడుసార్లు చేశాడు, నేను పైన మంచం మీద ఫోన్‌నే చూస్తూ కూర్చున్నా. వెనక్కి తీసుకెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాలుగు రోజులు కరెంటు కుక్కర్ మీదే.

ఇప్పుడు చేస్తున్నవి: కరెంటు బిల్లు, నెట్, ఇన్సూరెన్సు అన్నీ ఆటోపే. బాగున్న ఒక్క మధ్యాహ్నం కూర్చుని పెట్టేశాను. నెలకి ఆరు పనులు నెత్తి మీద నుంచి దిగాయి. ఫోన్ చెయ్యక తప్పకపోతే ముందు కాగితం మీద రాసుకుంటా. "నమస్కారం అండీ, నా పేరు ఫలానా. సిలిండర్ ఇవాళ వస్తుందా? సరే అండీ, థాంక్యూ." ఆ థాంక్యూ కూడా రాసుకుంటా. వాళ్ళేం అడగొచ్చో రెండు ఊహించి వాటికీ జవాబు రాస్తా. కాల్ అరనిమిషంలో అయిపోతుంది, దానికి ముందు భయం మూడు గంటలు. కాగితం ఉంటే ఆ మూడు గంటలు ఇరవై నిమిషాలు అవుతున్నాయి.

తెరవని ఉత్తరాలకి ఒక పాత స్వీట్ డబ్బా పెట్టాను. శనివారం కాఫీ తాగుతూ ఒక్కటి తెరుస్తా. మొన్న తెరిస్తే బ్యాంకు కేవైసీ గడువు దాటిపోయి ఉంది. పోయి చేయించుకున్నా. కొంప మునగలేదు.

ఇన్సూరెన్సు అంటే గుర్తొచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే వీటికీ కవరేజీ ఇవ్వాలి. అయితే మామూలు పాలసీల్లో ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తుంది, కన్సల్టేషన్ ఫీజుకి రాదు. మీ పాలసీ కాగితం ఒకసారి చూసుకోండి. మీరు చూడలేకపోతే ఎవరితోనైనా చూపించండి.

డాలస్ వదిన | మంగళవారం, ఉదయం 7:40

ఇక్కడ ఇప్పుడు సోమవారం రాత్రి. నేను, గుంటూరులో ఉన్న మా చెల్లి రోజూ మాకు రాత్రి ఎనిమిదిన్నర, వాళ్ళకి పొద్దున ఏడింటికి వీడియో కాల్ పెట్టుకుంటాం. మాట్లాడుకోవడానికి కాదు. ఫోన్ కిటికీకి ఆనించి నేను అంట్లు తోముతా, అది కూరలు తరుగుతుంది. అప్పుడప్పుడు "ఆ గిన్నె మాడిందా?" "మాడింది" అనుకుంటాం. ఇరవై నిమిషాలు. ఎవరో ఒకరు ఉన్నారంటే చేతులు వాటంతటవే కదులుతాయి. ఒక్కదాన్నే అయితే అదే సింకు ముందు ఏడుస్తాను. ఎందుకలా అని అడిగితే నాకూ తెలియదు.

ఇక్కడ ఇంత పెద్ద ఇల్లు, డిష్‌వాషర్ కూడా ఉంది. అయినా గిన్నెలు అందులో సర్దాలి కదమ్మా.

సన్నజాజి31 | మంగళవారం, రాత్రి 10:25

ఇంతమంది రాస్తారనుకోలేదు. బెజవాడ కోడలుగారూ, మీది చదివి చాలాసేపు ఏడ్చాను. మీ ఆడపడుచుకి నా నమస్కారం చెప్పండి.

నర్సుగారు చెప్పినట్టు నిన్న ఒక చెంచా కడిగాను. చెంచాతోనే ఆపేశాను. ఇవాళ అది కూడా చెయ్యలేదు. రాత్రి పడుకునేటప్పుడు పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. ఇది కొత్తేం కాదు లెండి.

స్టాఫ్‌నర్సు | మంగళవారం, రాత్రి 10:31

తల్లీ, సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. అలసిపోయి అనుకుంటున్నారా, లేక చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఏదైనా చేసుకోవాలని అనిపించిందా? ఏ జవాబైనా పర్వాలేదు. ఇవాళ నాకు డ్యూటీ లేదు, ఇక్కడే ఉన్నా. అడిగితే లేని ఆలోచన వస్తుందని జనం భయపడతారు. అలా రాదు. అడక్కపోతేనే మనిషి ఒంటరైపోతాడు.

మోడరేటర్ | మంగళవారం, రాత్రి 10:38

ఈ చర్చ చదువుతున్న అందరికీ: మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే ఫోన్ కోసం కూడా ఆగొద్దు. పక్కన ఉన్నవాళ్ళని లేపండి, దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి, లేదా 112కి చెయ్యండి.

సన్నజాజి31 | మంగళవారం, రాత్రి 10:55

నర్సుగారూ, అడిగినందుకు థాంక్స్. ఏదైనా చేసుకోవాలని లేదు. అన్నీ ఆగిపోతే బాగుండు అనే రకం. మొదటిసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారికి కొంచెం చెప్పాను, పూర్తిగా చెప్పలేదు. గురువారం అపాయింట్‌మెంట్ ఉంది. ఈ మెసేజ్‌నే చూపిస్తాను, మళ్ళీ నోటితో చెప్పే ఓపిక లేదు.

స్టాఫ్‌నర్సు | మంగళవారం, రాత్రి 10:58

చూపించండి, అదే మంచి పని. గురువారం లోపు ఆ ఆలోచన ముదిరితే మాత్రం గురువారం దాకా ఆగొద్దు, అదే రోజు ఫోన్ చెయ్యండి. ఈ రాత్రికి మీకు తెలిసినవాళ్ళు ఎవరికైనా ఒక్క మెసేజ్ పెట్టి పడుకోండి. "నాకు బాగాలేదు, రేపు పొద్దున ఒకసారి ఫోన్ చెయ్యి." అంతే చాలు.

ఓరుగల్లు పోరడు | మంగళవారం, రాత్రి 11:20

ఆ నంబరుకు పోయినేడు నేను చేసిన అక్కా. రాత్రి రెండింటికి. భాష ఎంచుకోమంటే తెలుగు నొక్కిన. ఒక మేడం ఎత్తింది. నాకు ఏం చెప్పాలో తెలియక "సారీ మేడం, రాంగ్ నంబర్" అన్న. ఆమె "పర్వాలేదు, ఇంకా మేలుకునే ఉన్నారు కదా, నీళ్ళు తాగారా?" అన్నది. అంతే, అరగంట మాట్లాడిన. మొత్తం మా బర్రె గురించే చెప్పిన అనుకుంట.

రిటైర్డ్ మాస్టారు | బుధవారం, ఉదయం 6:15

అమ్మాయీ, మందుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. దాని గురించి నాకు తెలియదు. పని మాట మాత్రం తీసుకోను, నర్సుగారు కూడా సగం ఒప్పుకున్నారు.

మా అపార్టుమెంటు కింద పాల బూత్ ఉంది. ఇంటికి పాలు తెచ్చిచ్చే ఏర్పాటు ఉన్నా నేను మానిపించి రోజూ నడిచి వెళ్ళి తెచ్చుకుంటాను. మా ఆవిడ పోయిన ఏడాది ఆ అర్ధలీటరు ప్యాకెట్ లేకపోతే నేను గుమ్మం దాటేవాణ్ణి కాదు. ఇది ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా.

ఒంటరి వంటగాడు | బుధవారం, ఉదయం 9:00

మాస్టారూ 🙏

సన్నజాజి31 | శుక్రవారం, రాత్రి 9:15

డాక్టరుగారికి మెసేజ్ చూపించాను. పూర్తిగా చదివి ఫోన్ తిరిగి ఇచ్చి, "ఇది రాయడం మంచిదైంది" అన్నారు. మందు ఇదే కొనసాగించమన్నారు, వారానికోసారి థెరపీ కలిపారు, రెండు వారాల్లోనే మళ్ళీ రమ్మన్నారు. తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంటుంది కదా, గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా ఉంది అని అడిగేది, అది మళ్ళీ నింపించారు. మొదటిసారి 27కి 17 వచ్చింది. ఇప్పుడు 13, తగ్గితే మంచిదే. నాకైతే ఏ తేడా తెలియడం లేదు, కాగితానికి తెలిసింది.

బట్టలు నాలుగోసారి తిప్పి, మెషీన్ ఆగేదాకా దాని పక్కనే నేల మీద కూర్చున్నాను. వేరే గదిలోకి వెళ్తే మళ్ళీ మర్చిపోతానని. ఆరేశాను. మడతపెట్టను, ముందే చెప్తున్నా. కుర్చీ మీద నుంచే వేసుకుంటాను.

విస్తరాకులు తెచ్చాను. యాభై ఉన్నాయి.

నిన్న సాయంత్రం అమ్మ "తిన్నావా?" అంది. "లేదమ్మా" అన్నాను. "ఎందుకు?" అంటుందనుకున్నా. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "పెరుగుందా?" అంది. ఉందన్నాను. "సరే, అది కలుపుకో, నేను లైన్లోనే ఉంటా" అంది. తిన్నంతసేపు ఉంది. టీవీలో సీరియల్ వినపడుతూనే ఉంది అటు నుంచి.

కుక్కర్ మాత్రం ఇంకా సింకులోనే ఉంది. దాని వాసనకి దగ్గరికి వెళ్ళలేకపోతున్నా.

బెజవాడ కోడలు | శుక్రవారం, రాత్రి 9:40

ఆ నీళ్ళు వంపేసి రెండు చెంచాల వంట సోడా, వేడినీళ్ళు పోసి రాత్రంతా వదిలెయ్యండి. ముక్కుకి చున్నీ కట్టుకోండి. గాస్కెట్ విడిగా తీసి అందులోనే పడెయ్యండి, అసలు వాసన దానిదే. పొద్దున ఏడింటికి డాలస్ వదినగారి కాల్‌లో నేనూ చేరతాను, మీరూ రండి. మా ఇంట్లో రోజూ ఏడుగురి అంట్లు ఉంటాయి, మీది ఒక్క కుక్కరేగా.

డాలస్ వదిన | శుక్రవారం, రాత్రి 9:52

లింకు మెసేజ్‌లో పెట్టాను. కెమెరా సింకు వైపు తిప్పుకోండి, మొహాలు అక్కర్లేదు.